అంతరిక్ష కేంద్రం కూర్పులో స్పేస్‌వాక్‌లు: కొలను ఏం నేర్పింది, ఏం నేర్పలేకపోయింది?

1. నింగిచూపు

సభ్యులందరికీ నమస్కారం. 2022 మార్చి 15న నాసా వ్యోమగాములు రాజా చారి, కేలా బ్యారన్ కలిసి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వెలుపల 6 గంటల 54 నిమిషాలు పనిచేసి, చుట్ట విప్పినట్టు తెరుచుకునే కొత్త సౌర ఫలకాల కోసం ఆధారపు చట్రాన్ని బిగించారు. చారి తండ్రి హైదరాబాదు నుంచి అమెరికా వెళ్లినవారు కావడంతో మనవాళ్లు చాలామంది ఆ పనిని ప్రత్యేక ఆసక్తితో చూశారు. అప్పటి నుంచీ నన్ను ఒక సందేహం వదలడం లేదు. బయట గడిపే ప్రతి గంటకూ ముందుగా హ్యూస్టన్‌లోని నీటి కొలనులో సుమారు ఏడు గంటల సాధన చేయిస్తారని అంటారు. కొలనులో నీరు ప్రతి కదలికనూ అడ్డుకుంటుంది, అంతరిక్షంలో అడ్డుకునేది ఏదీ లేదు. అలాంటప్పుడు కొలనులో పరీక్షించినది నిజంగా దేనిని? 1998లో కేంద్రపు మొదటి రెండు భాగాలైన జార్యా, యూనిటీ కలిసిన నాటి నుంచి 2011లో అమెరికా అంతరిక్ష నౌక షటిల్ విరమించే వరకు, కేంద్రాన్ని కూర్చడానికి దాదాపు 160 స్పేస్‌వాక్‌లు, అంటే సూటు వేసుకుని బయటికి వెళ్లి చేసే పనులు, జరిగాయి కదా, అన్నింటినీ ఎవరు, ఏ లెక్కన ప్రణాళిక వేశారు? తెలిసినవారు వివరంగా రాయాలని కోరుతున్నాను.

2. ఇరుసు

నింగిచూపు గారూ, మీ ప్రశ్నకు జవాబు కొలనుకంటే చాలా ముందు, డ్రాయింగు బల్ల దగ్గరే మొదలవుతుంది. నేను ఉద్యోగమంతా థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బాయిలర్ల ఎరెక్షన్‌లో, అంటే వాటిని సైటులో కూర్చి నిలబెట్టే పనిలో గడిపినవాణ్ణి. సైటులో ఎంత పని మిగలాలో వర్క్‌షాపులోనే తేల్చుకోకపోతే, తర్వాత ఎంతమంది ఫిట్టర్లను దించినా గడువు అందదని ఆ వృత్తిలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. అంతరిక్ష కేంద్రం చరిత్రను నేను ఆ కళ్లతోనే చదివాను.

1980లలో అనుకున్న పథకం ప్రకారం కేంద్రానికి వెన్నెముకలాంటి ట్రస్‌ను వ్యోమగాములే కక్ష్యలో ఒక్కొక్క కడ్డీనీ చేర్చి కట్టాలి. అది సాధ్యమో కాదో చూడడానికి 1985 చివర్లో అట్లాంటిస్ షటిల్ నుంచి జెర్రీ రాస్, షెర్వుడ్ స్ప్రింగ్ బయటికి వెళ్లి, ఈజ్, యాక్సెస్ అనే రెండు ప్రయోగాల్లో కడ్డీలను కలిపి, విప్పి, మళ్లీ కలిపి చూశారు. కట్టడం సాధ్యమేనని తేలింది. పాదాలను ఒకచోట బిగించుకొని, తిరిగే చట్రాన్ని తమ ముందుకు తెచ్చుకుంటూ కట్టిన యాక్సెస్ సాఫీగా సాగింది. ఏ ఆధారమూ లేకుండా తేలుతూ పెద్ద కడ్డీలను పట్టుకోవలసి వచ్చిన ఈజ్‌లో మాత్రం చేతులు త్వరగా అలసిపోయాయి. పని ఎంత సులువో తేల్చేది కడ్డీ బరువు కన్నా పనివాడి నిలకడేనన్న ఈ ఫలితం తర్వాతి ప్రణాళికలన్నింటిలోనూ కనిపిస్తుంది.

1990లో విలియం ఫిషర్, చార్లెస్ ప్రైస్ నాయకత్వంలోని బృందం, అప్పట్లో ఫ్రీడమ్ అని పిలిచిన ఈ కేంద్రపు నమూనాను నిలబెట్టడానికి బయటి మరమ్మతులకే ఏటా 3,000 గంటలకు మించిన స్పేస్‌వాక్‌లు అవసరమవుతాయని లెక్క కట్టింది. అంతమంది, అన్ని సూట్లు, అంత ఆక్సిజన్ ఎక్కడివి? ఆ మరుసటి ఏడాది నమూనాను మార్చి, ట్రస్‌ను నేలమీదే ముక్కలుగా తయారుచేసి, తీగలూ గొట్టాలూ లోపలే అమర్చి పంపాలని నిర్ణయించారు. ఒక్క బోల్టు కూడా బిగించకముందే స్పేస్‌వాక్‌ల ప్రణాళికలో తీసుకున్న అతి పెద్ద నిర్ణయం అదేనని నా అభిప్రాయం.

అయినా మిగిలినది తక్కువేమీ కాదు. ట్రస్ ముక్కలను కలిపే బోల్టులు, విద్యుత్ కేబుళ్లు, అమోనియా గొట్టాలు, యాంటెన్నాలు, రవాణాలో కదలకుండా బిగించిన క్లాంపులు అన్నీ చేతిపనే. ముందున్న ఆ పనిని చూసి నాసాలో దాన్ని స్పేస్‌వాక్‌ల గోడ అని పిలుచుకునేవారు.

3. లోతునీరు

కొలను గురించి నేను రాస్తాను. ఈతకొలనుల్లోనూ సముద్రంలోనూ డైవింగ్ నేర్పడం నా పని కాబట్టి ఈ విషయం మీద మొదటి నుంచీ ఆసక్తి ఉంది.

హ్యూస్టన్‌లోని న్యూట్రల్ బాయన్సీ లేబొరేటరీ సుమారు 61 మీటర్ల పొడవు, 31 మీటర్ల వెడల్పు, 12 మీటర్ల లోతు కలిగిన కొలను. దాంట్లో 2 కోట్ల 30 లక్షల లీటర్లకు పైగా నీరు పడుతుంది. ఇంత పెద్దదైనా 109 మీటర్ల ట్రస్ మొత్తం అందులో పట్టదు. ఏ స్పేస్‌వాక్ సాధన జరుగుతుంటే ఆ పనికి కావలసిన భాగాల నమూనాలనే అందులో పేరుస్తారు. దీనికి ముందు జాన్సన్ అంతరిక్ష కేంద్రంలో వాడిన కొలను చాలా చిన్నది. ట్రస్ ముక్కలు, ప్రయోగశాల, రోబోటిక్ చేయి ఒకేచోట అమర్చి ఆరు గంటల పనిని మొదటి నుంచి చివరి దాకా నడిపి చూడాలంటే అది సరిపోదని ముందే గ్రహించి, కూర్పు మొదలవక ముందే కొత్తదాన్ని సిద్ధం చేశారు.

ఇప్పుడు అసలు సందేహానికి వస్తాను. సూటు వేసుకున్న వ్యోమగామిని క్రేనుతో నీళ్లలోకి దించగానే డైవర్లు చుట్టూ చేరి, సూటు జేబుల్లో సీసపు బరువులో నురుగు ముక్కలో పెడుతూ, తీస్తూ, అతణ్ణి ఏ భంగిమలో వదిలితే ఆ భంగిమలోనే నిలిచేట్టు సర్దుతారు. పైకి తేలకూడదు, కిందికి మునగకూడదు, ఒక పక్కకు ఒరగకూడదు. ఇది ఓపిక పట్టవలసిన పని. సరిగ్గా సర్దకపోతే ఆ రోజంతా వ్యోమగామి పని చేయడానికి బదులు తన సూటుతోనే కుస్తీ పడవలసి వస్తుంది. అయితే ఈ సర్దుబాటుతో తేలేది సూటే. లోపలి మనిషి బరువు మాత్రం ఎక్కడికీ పోదు. తలకిందులుగా పనిచేయవలసి వస్తే మనిషి బరువంతా భుజాల మీద పడుతుంది, రక్తం తలకు దిగుతుంది. ఈ భంగిమలో ఎక్కువసేపు ఉండడం వల్ల భుజాలకు గాయాలైన వ్యోమగాములు ఉన్నారు. అంటే కక్ష్యలో లేని ఒక కష్టాన్ని కొలను అదనంగా కలుపుతుంది.

నీటి నిరోధం సంగతి మీరన్నది నిజమే. చిన్న పనిముట్టును తిప్పేటప్పుడు దాని ప్రభావం అంతగా ఉండదు. పెద్ద పెట్టెను కదిపినప్పుడు మాత్రం కొలను పూర్తిగా తప్పుడు పాఠం చెబుతుంది, ఎందుకంటే చేయి ఆపగానే నీరే దాన్ని ఆపేస్తుంది. కక్ష్యలో ఆపే బాధ్యత మనిషిదే. నిలకడగా ఉన్న నీటిపై బల్లకట్టును ఒక చేత్తో నెట్టడం సులువు, గట్టు తగలకముందు అదే చేత్తో నిలపడం కష్టం అన్నట్టుగా ఉంటుంది. అందుకే ఈ పాఠానికి కొలనును నమ్మకుండా వేరే సాధనాలు పెట్టుకున్నారు. నున్నని నేల మీద గాలి పొర మీద జారే బండ్లతో బరువైన వస్తువుల చలనాన్ని అలవాటు చేసుకుంటారు. వర్చువల్ రియాలిటీ గదిలో కళ్లకు కేంద్రపు దృశ్యం కనిపిస్తుండగా, తీగలతో వేలాడే ఒక రోబోట్ పట్టుకున్న వస్తువుకు అసలు ద్రవ్యరాశి ఉన్నట్టే స్పందిస్తుంది. తాడు తెగి కొట్టుకుపోతే వెనక్కి రావడానికి సూటుకు తగిలించే సేఫర్ అనే చిన్న జెట్ పరికరాన్ని నడపడం కూడా ఆ గదిలోనే నేర్పుతారు. ఆ సేఫర్‌ను తాడు లేకుండా అసలు అంతరిక్షంలో 1994 సెప్టెంబరులో మార్క్ లీ, కార్ల్ మీడ్ పరీక్షించారు.

కాబట్టి కొలను పరీక్షించేది ప్రధానంగా చేరుబాటును, క్రమాన్ని, సమయాన్ని. ఈ చేతిపట్టు నుంచి ఆ బోల్టు అందుతుందా, పాదాల ఆధారాన్ని ఏ కోణంలో బిగిస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి, ఇద్దరి తాళ్లు ఒకదానికొకటి చుట్టుకోకుండా ఎవరు ముందు కదలాలి అనేవి అక్కడ తేలతాయి.

4. పాలపుంత

చాలా బాగుంది. నాదొక చిన్న సందేహం. స్పేస్‌వాక్ మొదలవడానికి ముందు గంటల తరబడి ఆక్సిజన్ పీల్చడం, రాత్రంతా ఎయిర్‌లాక్‌లోనే, అంటే బయటికి వెళ్లే ముందు గాలి తీసేసే రెండు తలుపుల గదిలోనే, పడుకోవడం అని చదివాను. అది కూడా ప్రణాళికలో భాగమేనా, లేక వైద్యుల జాగ్రత్త మాత్రమేనా?

5. భౌతికం మాస్టారు

ప్రణాళికలో భాగమే. పైగా ఒక దశలో కూర్పు మొత్తం దాని మీదే ఆధారపడిందని చెప్పవచ్చు.

అమెరికన్ సూటులో పీడనం సుమారు 29.6 కిలోపాస్కల్‌లు, అంటే సముద్రమట్టపు గాలి పీడనంలో మూడో వంతు కూడా లేదు. అంతకంటే పెంచితే చేతితొడుగులు బిగుసుకుపోయి వేళ్లు ముడవడం కష్టమవుతుంది. తగ్గిన పీడనంలో ఊపిరికి తగినంత ఆక్సిజన్ అందాలి కాబట్టి లోపల స్వచ్ఛమైన ఆక్సిజన్‌నే వాడతారు. మామూలు గాలి పీల్చిన మనిషి నేరుగా ఆ పీడనానికి వెళ్తే, రక్తంలోనూ కణజాలంలోనూ కరిగి ఉన్న నైట్రోజన్ బుడగలుగా బయటికి వచ్చి కీళ్లనొప్పుల నుంచి పక్షవాతం వరకు ఏదైనా తెచ్చిపెట్టగలదు. లోతునీరు గారికి ఈ జబ్బు బాగా తెలిసే ఉంటుంది. కేంద్రంలో ఉండే మామూలు పీడనం నుంచి వెళ్లాలంటే సూటులో దాదాపు నాలుగు గంటలు ఆక్సిజన్ పీల్చవలసి ఉంటుంది. ఆ నాలుగు గంటలు కలిపితే వ్యోమగామి దినచర్యలో పనికి మిగిలే సమయం ఎంత?

షటిల్‌లో దీనికి ఒక ఉపాయం ఉండేది. ముందురోజే క్యాబిన్ మొత్తం పీడనాన్ని 70 కిలోపాస్కల్‌లకు దించేవారు కాబట్టి నైట్రోజన్ కొంత ముందే పోయేది. కేంద్రం మొత్తాన్ని అలా దించడం కుదరదు. అందుకని మైకేల్ గెర్న్‌హార్ట్ పనిచేసిన పరిశోధన బృందం నేలమీది పీడన గదుల్లో స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి మీద పరీక్షలు జరిపి, ఆక్సిజన్ పీలుస్తూ సైకిల్ యంత్రం మీద కొద్దిసేపు గట్టిగా వ్యాయామం చేస్తే నైట్రోజన్ త్వరగా బయటపడుతుందని నిరూపించింది. 2001 జులైలో క్వెస్ట్ ఎయిర్‌లాక్ కేంద్రానికి చేరినప్పుడు, దాన్ని అమర్చిన ఇద్దరిలో గెర్న్‌హార్ట్ ఒకరు. తాను తయారుచేయించిన పద్ధతిని మొదటిసారి ఆ ఎయిర్‌లాక్ నుంచి వాడినవారిలోనూ ఆయన ఉన్నారు. ఈ సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ముచ్చటగా అనిపిస్తుంది.

మీరు చదివిన రాత్రి నిద్ర పద్ధతి 2006 సెప్టెంబరు నుంచి వాడుకలోకి వచ్చింది. ఇద్దరు వ్యోమగాములు ఎయిర్‌లాక్ తలుపు మూసుకుని, అక్కడ మాత్రమే పీడనాన్ని 70 కిలోపాస్కల్‌లకు తగ్గించి పడుకుంటారు. రష్యన్ ఓర్లాన్ సూటులో పీడనం మరికాస్త ఎక్కువ, సుమారు 0.4 అట్మాస్ఫియర్. అందుకని వారికి ముందస్తు ఆక్సిజన్ సమయం తక్కువ సరిపోతుంది, దానికి బదులు చేతితొడుగులు మరింత బిగువుగా ఉంటాయి.

6. అడ్డప్రశ్న

ఇంతవరకు రాసినదంతా చదివాను. అందరూ ప్రణాళికకు హారతులు పడుతున్నారు కాబట్టి నేను అవతలి పక్షం వాదిస్తాను. నిజంగా ఇబ్బంది పెట్టినవన్నీ ఎవరూ పరీక్షించని విషయాలే.

1996 చివర్లో కొలంబియా షటిల్ నుంచి ట్యామీ జెర్నిగన్, టామ్ జోన్స్ రెండు స్పేస్‌వాక్‌లు చేసి, కేంద్రం కూర్పు కోసం తయారైన క్రేను వంటి పరికరాలను పరీక్షించాలి. నెలల సాధన పూర్తయింది, సూట్లు తొడిగారు, ఎయిర్‌లాక్ తలుపు పిడి కొంచెం తిరిగి ఆగిపోయింది. ఊడిన చిన్న స్క్రూ ఒకటి గేర్లలో ఇరుక్కుంది. రెండు నడకలూ రద్దయ్యాయి. ఆ పరీక్షల్లో కొన్నింటిని తర్వాతి ఏడాది విన్‌స్టన్ స్కాట్, తకావో దోయి చేయవలసి వచ్చింది. కల్పనా చావ్లా తొలి అంతరిక్ష యాత్ర అదే.

2000 డిసెంబరులో పీ6 అనే ట్రస్ ముక్కకున్న సౌర ఫలకాల కుడి రెక్క తెరుచుకున్నప్పుడు మడతలు ఒకదానికొకటి అతుక్కుని, ఒక్కసారిగా ఊడిన కుదుపుకు బిగుతు తీగలు కప్పీల నుంచి జారిపోయాయి. 2001 ఫిబ్రవరిలో డెస్టినీ ప్రయోగశాలకు అమోనియా గొట్టం కలుపుతుండగా కనెక్టరు కారి, బాబ్ కర్బీమ్ సూటు మీద అమోనియా మంచులా గడ్డకట్టింది. వీటిలో ఏది కొలనులో తెలిసింది? అప్పటికప్పుడు బుర్ర ఉపయోగించిన మనుషులే పని నెగ్గించారు. ఏడు గంటల సాధన అనేది కార్యాలయాల్లో చూపించుకోవడానికి బాగుండే లెక్క.

7. ఇరుసు

అడ్డప్రశ్న గారూ, మీరు ఎంచుకున్న ఉదాహరణలే మీ వాదానికి ఎదురు తిరుగుతాయి. ఒక్కొక్కటి చూద్దాం.

అమోనియా సంగతి. కనెక్టరు కారవచ్చన్న ఊహ ముందే ఉంది కాబట్టే, సూటు కలుషితమైతే ఏం చేయాలో రాతపూర్వకమైన విధానం సిద్ధంగా ఉంది. కర్బీమ్‌ను దాదాపు అరగంట ఎండలో ఉంచి అమోనియాను ఆవిరి కానిచ్చారు. ఆయనతో బయట ఉన్న టామ్ జోన్స్ బ్రష్‌తో సూటునూ పనిముట్లనూ శుభ్రం చేశారు. ఎయిర్‌లాక్‌లోకి వచ్చాక కొంత గాలి నింపి, దాన్ని బయటికి వదిలి, ఆ తర్వాతే మళ్లీ పూర్తిగా నింపారు. లోపలున్నవారు కొంతసేపు ఆక్సిజన్ మాస్కులు పెట్టుకున్నారు. ఇంత జరిగినా ఆ రోజు ప్రయోగశాలను కలిపే పని ఆగలేదు. అప్పటికప్పుడు ఆలోచించి ఇంత క్రమంగా ఎవరూ చేయలేరు.

పీ6 తీగల సంగతి ఇంకా ఆసక్తికరం. ఆ తీగ చుట్టుకునే రీలును చేత్తో తిప్పవచ్చా, స్ప్రింగు ఎంత బలంగా వెనక్కి కొడుతుంది, తీగను కప్పీ గాడిలో ఎలా కూర్చోబెట్టాలి అనేవి నేలమీద ఉన్న ఇంజనీర్లు, వ్యోమగాములు అసలు పరికరం లాంటి దాని మీదే చేసి చూసి, విధానం రాసి పైకి పంపారు. జో ట్యానర్, కార్లోస్ నోరియెగా డిసెంబరు 7న మూడో స్పేస్‌వాక్‌లో దాన్ని అమలు చేశారు. రెండో రెక్కను ఆ లోపే కొద్దికొద్దిగా ఆపుతూ తెరిచారు, అది సవ్యంగా తెరుచుకుంది. సాధన చేసిన సిబ్బంది, నేలమీద సిద్ధంగా ఉన్న నకలు పరికరాలు, మూడో నడకలో మిగిల్చి ఉంచిన వెసులుబాటు, ఈ మూడూ ప్రణాళిక ఇచ్చినవే.

కొలను బయట జరిగిన పరీక్షలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. జార్యా బైకనూర్ నుంచి, యూనిటీ ఫ్లారిడా నుంచి వెళ్లాయి. ఆ రెండూ నేలమీద ఎప్పుడూ కలవలేదు. 1998 డిసెంబరులో ఎండెవర్ షటిల్ రోబోటిక్ చేతితో నాన్సీ కరీ వాటిని చేర్చిన తర్వాత, రాస్, జిమ్ న్యూమన్ మొదటి స్పేస్‌వాక్‌లోనే నలభై దాకా కేబుళ్లు, కనెక్టర్లు కలిపారు. తర్వాతి భాగాలన్నీ కూడా ఇలా మొదటిసారి కక్ష్యలోనే కలవాలన్న ఆలోచన కొంతకాలం ఉండేది. ఆ సాహసం వద్దనుకుని, కెనెడీ కేంద్రంలోని పెద్ద హాలులో ట్రస్ ముక్కలను, ప్రయోగశాలను, రోబోటిక్ చేయిని కేబుళ్లతో కలిపి, అసలు సాఫ్ట్‌వేర్‌తో నడిపి చూడడం 1999 నుంచి మొదలుపెట్టారు. పక్కపక్కన పెట్టి చూడడం కుదరని భాగాలను కెమెరాలతోనూ లేజర్లతోనూ కొలిచి, కంప్యూటర్‌లో ఒకదానికొకటి బిగించి చూశారు. ఎరెక్షన్‌లో మేము చేసే ట్రయల్ ఫిట్‌అప్‌కు ఇది సమానం. మాకు మాత్రం రంధ్రం కలవకపోతే దాన్ని పెద్దది చేసే రీమర్ పట్టుకొచ్చే అవకాశం ఉండేది.

బోల్టు బిగింపు ఒక్కటి దగ్గరగా చూస్తే వారి జాగ్రత్త తెలుస్తుంది. చాలా బోల్టుల తలలు ఒకే కొలతలో, అంగుళంలో పదహారింట ఏడు వంతుల షట్కోణంగా ఉంటాయి. పిస్టల్ ఆకారపు విద్యుత్ రెంచికి ఎంత టార్క్ ఇవ్వాలో ముందే అమర్చుతారు. బిగించాక వ్యోమగామి అందులో కనిపించే చుట్ల సంఖ్యను చదివి వినిపిస్తాడు. అనుకున్న టార్క్ వచ్చినా చుట్లు తక్కువైతే, బోల్టు మరలో అడ్డంగా పడిందేమోనని వెంటనే అనుమానించి వెనక్కి విప్పుతారు. రెండు అంకెలూ కలిస్తేనే తర్వాతి వరుస చదువుతారు.

8. మూడో ఫేజు

విద్యుత్ సబ్‌స్టేషన్‌లో పనిచేసేవాణ్ణి, ఆ కోణంలో ఒక విషయం కలుపుతాను. నా దృష్టిలో కూర్పు మొత్తంలో అతి కష్టమైన ప్రణాళిక 2006 డిసెంబరులో డిస్కవరీ షటిల్ వెళ్లినప్పటిది.

అప్పటివరకు కేంద్రం పీ6 ఫలకాల నుంచి వచ్చే తాత్కాలిక ఏర్పాటు మీద నడిచింది. కొత్త ఫలకాలు వచ్చాక శాశ్వత పంపిణీకి మార్చాలి. మార్చాలంటే లైన్ క్లియర్ తీసుకోవాలి, అంటే మనుషులున్న కేంద్రంలో సగం పరికరాలను ఆపివేయాలి. ఆపిన పరికరాలకు హీటర్లు కూడా ఆగిపోతాయి కాబట్టి కొన్ని గంటల్లోగా కరెంటు తిరిగి ఇవ్వకపోతే అవి చలికి చెడిపోవచ్చు. డిసెంబరు 14న కర్బీమ్, క్రిస్టర్ ఫ్యూగ్లెసాంగ్ ఒక సగాన్ని మార్చారు. 16న కర్బీమ్, సునీతా విలియమ్స్ రెండో సగాన్ని మార్చారు. విలియమ్స్‌కు అదే తొలి స్పేస్‌వాక్. బయటి ఇద్దరూ ఏ కనెక్టరు ఎప్పుడు తీయాలో, హ్యూస్టన్‌లో ఏ స్విచ్చి ఎప్పుడు వేయాలో ఒకదానితో ఒకటి పెనవేసుకున్నాయి. శాశ్వత పంపిణీ పరికరాల వేడిని తీసుకుపోయే ప్రధాన అమోనియా పంపులు మొదటిసారి నడవవలసింది కూడా అప్పుడే. అవి ఆడకపోతే వెనక్కి వెళ్లే దారి కూడా ముందే రాసి పెట్టుకోవాలి.

ఇంకొకటి. కక్ష్యలో ఉన్న పలుచని ప్లాస్మాలో (విద్యుదావేశం గల వాయువులో) కేంద్రపు లోహపు ఒళ్లు విద్యుదావేశం పొందుతుంది. బయట ఉన్న మనిషి సూటు ద్వారా ఆ ఆవేశం మెరుపులా ప్రవహించే ప్రమాదం ఉందని గుర్తించి, స్పేస్‌వాక్ జరిగే సమయాల్లో ఆ ఆవేశాన్ని వదిలించే ప్లాస్మా కాంటాక్టర్లు పనిచేస్తూ ఉండాలన్న జాగ్రత్త పెట్టుకున్నారు. మన సబ్‌స్టేషన్‌లో ఎర్త్ రాడ్ తగిలించనిదే పరికరం ముట్టుకోనివ్వనట్టే ఇది. ఇవేవీ కొలనులో కనిపించవు. కొలనులో కనెక్టరుకు కరెంటు ఉండదు, చలి ఉండదు. ఈ లెక్కలన్నీ కాగితం మీద, కంట్రోల్ రూమ్ రిహార్సళ్లలో తేలాయి.

9. చర్చా నిర్వాహకుడు

రాజకీయ వ్యాఖ్యలున్న రెండు సందేశాలను తొలగించడమైనది. దయచేసి విషయానికే పరిమితం కావాలని మనవి.

10. లోతునీరు

మూడో ఫేజు గారు చెప్పిన కరెంటు సంగతికి 2007 నవంబరు 3న జరిగిన స్పేస్‌వాక్ నేరుగా ముడిపడి ఉంది. అడ్డప్రశ్న గారి వాదాన్ని తూచడానికి దానికి మించిన సందర్భం లేదు.

పీ6ను దాని శాశ్వత స్థానానికి మార్చి ఫలకాలను మళ్లీ తెరుస్తుంటే, అక్టోబరు 30న ఒక దారి చూపే తీగ చిక్కుకుని ఫలకం చిరిగింది. ఎండ పడుతున్నంతసేపు ఆ ఫలకాన్ని ఆపే స్విచ్చి ఏదీ లేదు, వంద వోల్టులకు పైగా విద్యుత్తు ఉంటుంది. చిరిగిన చోటు కేంద్రపు రోబోటిక్ చేతికి అందదు. షటిల్ కింది పలకలను తనిఖీ చేయడానికి తెచ్చిన పొడవాటి బూమ్‌ను ఆ చేతికి తగిలించి, దాని చివర స్కాట్ పారజిన్స్కీని నిలబెట్టారు. ఎయిర్‌లాక్ నుంచి అంత దూరంలో అంతకుముందు ఎవరూ పనిచేయలేదు, ఏదైనా జరిగితే వెంటనే లోపలికి చేరే వీలు లేదు. లోపలున్న సిబ్బంది తీగతోనూ అల్యూమినియం పట్టీలతోనూ కుట్టుపోగుల్లాంటి అయిదు కఫ్‌లింకులు తయారుచేశారు. పనిముట్ల లోహపు భాగాలన్నింటికీ కరెంటు పారనివ్వని కాప్టన్ టేపు చుట్టారు. ఫలకం తన మీదికి ఊగివస్తే తోయడానికి పారజిన్స్కీ చేతిలో హాకీ కర్రలాంటి వంపు పనిముట్టు ఉంది. డగ్ వీలాక్ మాస్తు మొదట్లో నిలబడి, దూరాలు గమనించి చెబుతూ వచ్చారు. 7 గంటల 19 నిమిషాల తర్వాత ఫలకం పూర్తిగా తెరుచుకుంది.

దీనిలో ఎంత అప్పటికప్పటిది, ఎంత ముందటిది? ఈ పనిని కొలనులో పారజిన్స్కీ ఒక్కసారి కూడా చేయలేదు. అయితే ఆ బూమ్ చివర మనిషి నిలబడితే ఎంత ఊగుతుందో, పని చేయగలడో లేడో 2006 జులైలో పియర్స్ సెల్లర్స్, మైక్ ఫోసమ్ కక్ష్యలోనే పరీక్షించి ఉన్నారు. షటిల్ పలకల మరమ్మతు కోసం చేసిన ఆ పరీక్ష లేకపోతే, నాలుగు రోజుల్లో ఈ నిర్ణయం ఎవరు తీసుకోగలిగేవారు?

11. అడ్డప్రశ్న

బాగా వాదించారు, అయినా నా మాట నేను వదులుకోను. బూమ్ పరీక్ష ఈ పని కోసం చేసినది కాదని మీరే రాశారు. అది కలిసిరావడం. ఇక సాధన ఎంత చేసినా ఆగని చిన్న పొరపాట్ల సంగతి కూడా ఉంది. 2001 మార్చిలో జిమ్ వాస్, సూసన్ హెల్మ్స్ 8 గంటల 56 నిమిషాలు బయట ఉన్నారు, చాలా ఏళ్లపాటు అదే అతి పొడవైన స్పేస్‌వాక్. మొదట్లోనే ఒక పరికరం చేజారి పోయింది కూడా. 2008 నవంబరులో సౌర ఫలకాలను తిప్పే కీలును శుభ్రం చేయడానికి వెళ్లిన హైడీ స్టెఫానిషిన్-పైపర్ గ్రీజు గన్ కారడంతో తుడుచుకుంటుండగా పనిముట్ల సంచి మొత్తం తేలిపోయింది. కొలనులో జారిన పనిముట్టు అడుక్కు చేరుతుంది, డైవరు తీసి ఇస్తాడు. అక్కడ అలవాటైన చేతికి ఇక్కడ ఆ భయం ఎలా వస్తుంది?

12. ఇరుసు

ఈ చివరి మాటలో బలముంది. ప్రతి పనిముట్టుకూ తాడు కట్టి ఉండాలన్న నియమం, ఒక తాడు తగిలించనిదే మరొకటి విప్పకూడదన్న నియమం కొలనులోనూ అంతే కఠినంగా పాటిస్తారు, శిక్షకులు తెరల మీద గమనిస్తూనే ఉంటారు. అయినా భయం నేర్పడం వేరన్న మీ మాట కాదనలేను. 2008 నాటి సంచి తేలిపోయాక ఇద్దరూ మిగిలిన ఒక్క సంచిలోని పనిముట్లను పంచుకుని ఆ రోజు పని ముగించారు. రెండు సంచుల్లోనూ ఒకే రకం పనిముట్లు ఉంచడం ప్రణాళికా? అదృష్టమా? నేను ప్రణాళిక అనే అంటాను, మీరు మీ ఇష్టం.

13. పాలపుంత

మనదేశం ప్రకటించిన భారతీయ అంతరిక్ష కేంద్రానికి కూడా ఇన్ని స్పేస్‌వాక్‌లు కావాలా? దానికి కొలను మన దగ్గర ఉందా?

14. భౌతికం మాస్టారు

ఇన్ని అవసరం కావని నా అంచనా. రష్యన్ల పాత కేంద్రం మీర్ గానీ, 2021, 2022లలో చైనా కూర్చిన తియాంగాంగ్ గానీ ప్రధానంగా భాగాలు తమంతట తాము వచ్చి డాకింగ్ చేసుకునే, అంటే కక్ష్యలోనే ఒకదానికొకటి అతుక్కునే పద్ధతిలో తయారయ్యాయి. విద్యుత్తు, డేటా కనెక్షన్లు చాలావరకు డాకింగ్ వలయంలోనే కలుస్తాయి. 109 మీటర్ల ట్రస్, విడివిడి అమోనియా గొట్టాలు లేవు కాబట్టి చేతిపని బాగా తగ్గింది. మనది అయిదు భాగాలతో, 2035 నాటికి పూర్తి చేయాలన్న లక్ష్యంతో ప్రకటించారు. శ్రీహరికోట నుంచి 2024 డిసెంబరు 30న వెళ్లిన రెండు స్పేడెక్స్ ఉపగ్రహాలు 2025 జనవరి 16న కక్ష్యలో కలవడం ఆ దారిలో మొదటి మెట్టు.

అలా అని స్పేస్‌వాక్‌లు లేకుండా గడవదు. చైనా వ్యోమగాములు కూడా చేతిపట్టులు, కెమెరాలు, రోబోటిక్ చేతికి సంబంధించిన పనులు, శకలాల నుంచి రక్షణ కవచాలు అమర్చడం వంటి వాటికి బయటికి వెళ్తూనే ఉన్నారు. ఇక కొలను సంగతి. గగన్‌యాన్ కోసం కొచ్చిలో నౌకాదళం వాడుతున్న సదుపాయం, సముద్రంలో దిగిన క్యాప్సూల్ నుంచి సిబ్బందిని బయటికి తీసే సాధనకు ఉద్దేశించినది. సూటుతో ఆరు గంటలు పనిచేయించే తేలుడు కొలనుకు లోతు, క్రేన్లు, ఊపిరి గాలి సరఫరా, పీడన చికిత్స గది, శిక్షణ పొందిన డైవర్ల బృందం వేరుగా కావాలి. మన కేంద్రం నమూనాలో బయట ఎన్ని బోల్టులు, ఎన్ని కనెక్టర్లు మిగులుతాయో ఖరారైతేనే ఆ కొలను ఎంత పెద్దదై ఉండాలో లెక్క కట్టగలరు. డైవర్ల శిక్షణకు ఎంత కాలం పడుతుందో లోతునీరు గారు రాస్తే బాగుంటుంది.